సిఫిలిస్ ఉన్నవాళ్లకు చూపు మసకబారితే ఏం చేయాలి, ఏది ముందు చేయాలి

కంటి ఓపీలో చూపు పరీక్షించే పని నాది. "సిఫిలిస్ వస్తే కళ్లు పోతాయా అండీ?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేరుగా అడగరు. "మా ఫ్రెండ్‌కి అండీ" అంటారు, లేదా అందరూ వెళ్లేదాకా ఆగి తలుపు దగ్గర నిలబడి అడుగుతారు. ఆ ఫ్రెండ్ కోసమే ఇది.

జవాబు ముందే చెప్పేస్తాను. పోవచ్చు. కానీ త్వరగా పట్టుకుని సరైన మందు ఎక్కిస్తే చాలామందికి చూపు బాగానే తిరిగొస్తుంది. ఆలస్యమై రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర), కంటి నరం దెబ్బతింటే మాత్రం పోయినంత పోయినట్టే. జబ్బు ముదిరి ముదిరి చివర్లో కంటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. సోకిన కొన్ని వారాలకే రావచ్చు, ఏళ్లు గడిచాకా రావచ్చు. కలయిక ద్వారా అంటే సుఖవ్యాధి ఇది, మన పెద్దవాళ్లు సవాయి అన్నది ఈ జబ్బునే.

ఒకటి రెండు రోజుల్లోనే చూపు పడిపోయినా, కంటి ముందు తెర దిగినట్టున్నా ఇక చదవకండి. ఈరోజే కంటి ఆసుపత్రికి బయలుదేరండి. మిగతాది అక్కడ క్యూలో కూర్చుని చదువుకోవచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత రక్తపరీక్ష రిపోర్టులన్నీ. గర్భంతో ఉన్నప్పుడు చేసినవి, రక్తదానం చేసినప్పుడు వచ్చినవి కూడా.
- ఇప్పటిదాకా కంట్లో వేసుకున్న చుక్కల మందులు, సీసాలతో సహా. "తెల్ల మూత సీసా అండీ" అంటే మాకు ఏమీ తెలియదు.
- ఇప్పుడు వాడుతున్న కళ్లద్దాలు.
- ఒక కాగితం, పెన్ను.
- తోడు ఒకరు. కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు, ఆ తర్వాత నాలుగైదు గంటలు అంతా మసకే. బండి నడపకూడదు. ఆ తోడు మనిషికి జబ్బు పేరు చెప్పాలని రూలేమీ లేదు, "కంటి పరీక్ష" అంటే చాలు.

1. ఇంట్లోనే ఒక్కో కన్నూ విడిగా చూసుకోండి

రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను పాడైన కంటిని కప్పిపుచ్చుతుంది. ఒక కంట్లో సగం చూపు పోయినా నెలరోజులు తెలియనివాళ్లను చూశాను.

గోడకున్న తెలుగు క్యాలెండర్ ముందు, కళ్లద్దాలుంటే పెట్టుకుని, మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడండి. ఒక కంటిని అరచేత్తో మూయండి, వేళ్లతో వద్దు, సందుల్లోంచి కనిపిస్తుంది. తారీఖు అంకె ఎవరికైనా కనిపిస్తుంది. దాని కింద తిథి, నక్షత్రం, వర్జ్యం రాసే సన్నక్షరాలు చదవండి. తర్వాత రెండో కన్ను. రెండింటికీ తేడా ఉందా?

ఇప్పుడు కిటికీ గ్రిల్ చూడండి, మళ్లీ ఒక్కో కంటితోనే. నిలువు ఊచ ఎక్కడైనా వంకర పోయినట్టు, మధ్యలో తెగినట్టు ఉందా? చివరగా తెల్లగోడ వైపు చూసి కళ్లు అటూ ఇటూ తిప్పండి. దోమల్లా, సాలెగూడు పోగుల్లా ఏవైనా తేలుతున్నాయా? ఒకటీ అరా చాలామందికి ఉంటాయి. కొత్తగా గుంపుగా మొదలైతేనే లెక్క.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, కంటికి ఆనించినట్టు పెట్టుకుని ఆ రంధ్రంలోంచి అదే క్యాలెండర్ చూడండి. అక్షరాలు తేటపడితే మసకకు కారణం చాలావరకు కళ్లద్దాల పవరే. ఏమాత్రం తేటపడకపోతే అద్దాలు మార్చినా లాభం ఉండదు, తేడా కంటి లోపల ఉంది. ఓపీలో మేమూ మొదట చేసేది ఇదే, కాకపోతే మా దగ్గర అట్ట బదులు నల్ల ప్లాస్టిక్ ఉంటుంది.

ఈ పరీక్షల్లో అంతా బాగున్నా, కన్ను ఎర్రబడి, నొప్పిగా ఉండి, వెలుతురు చూడలేకపోతున్నారంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

*ఎక్కువమంది చేసే పొరపాటు:* కళ్లకలక అనుకోవడం. కళ్లకలకలో పుసి కడుతుంది, పొద్దున్నే రెప్పలు అంటుకుంటాయి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది, చూపు మాత్రం పెద్దగా తగ్గదు. సిఫిలిస్ వల్ల కంటి లోపల వాపు వస్తే పుసి ఉండదు, నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, వెలుతురంటే బాధ, చూపు మసక. కొందరికి ఎరుపూ నొప్పీ రెండూ ఉండవు, ఉత్త మసకే. వాళ్లే అందరికంటే ఆలస్యంగా వస్తారు. నలభై దాటాక చత్వారం వచ్చిందనుకుని అద్దాల షాపుకు వెళ్తారు.

2. కాగితం మీద తారీఖులు రాయండి

ఈ పని ఇంటి దగ్గరే చేయండి. డాక్టరు ముందు కూర్చుంటే ఏదీ గుర్తురాదు.

గడిచిన ఏడాది, రెండేళ్లలో ఇవి జరిగాయా, సుమారు ఏ నెలలో?

- మర్మావయవాల దగ్గర గాని, నోట్లో గాని, మలద్వారం దగ్గర గాని నొప్పిలేని పుండు. మందు వాడకపోయినా కొన్ని వారాల్లో అదే మానిపోయి ఉంటుంది. తగ్గిపోయింది కదా అని రాయడం మానకండి.
- ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి లేదా రాగిరంగు మచ్చలు. సాధారణంగా దురద ఉండదు.
- జుట్టు అక్కడక్కడ చిమ్మటలు కొట్టేసినట్టు రాలడం, గొంతునొప్పి, జ్వరం, బిళ్లకట్టడం.
- చెవిలో హోరు, వినికిడి తగ్గడం, తలనొప్పి, తూలు. కంటితో పాటు చెవినీ పట్టే జబ్బు ఇది.
- కొత్త భాగస్వామి, లేదా కండోమ్ లేని కలయిక.

ఒకాయన గుర్తొస్తారు. వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. పెళ్లి కార్డుల స్క్రీన్ ప్రింటింగ్ పని. రెండు నెలల్లో రెండుసార్లు అద్దాలు మార్చారు, మూడోసారి మా దగ్గరికి వచ్చారు. ఏ లెన్స్ పెట్టినా కుడికన్ను అక్షరాల చార్టులో నాలుగో వరస దాటలేదు, చిన్నరంధ్రంలోంచి చూపించినా అంతే. అద్దం సరిచేసుకోవడానికి చెయ్యి ఎత్తినప్పుడు అరచేతిలో మచ్చలు కనిపించాయి. "థిన్నర్ పడలేదండీ, చర్మం డాక్టరు ఆయింట్‌మెంట్ ఇచ్చారు" అన్నారు. థిన్నర్ అరికాళ్లకు ఎందుకు అంటుకుంటుంది? చెప్పులు విప్పించి చూస్తే అక్కడా ఉన్నాయి. చర్మం డాక్టరుకు కన్ను మసక సంగతి ఆయన చెప్పలేదు. అద్దాల షాపులో చేతుల గురించి ఎవరూ అడగలేదు. ఆ రెండూ తెలిసిన మనిషి ఆయనొక్కరే, ఆయనేమో రెండూ వేరువేరు అనుకున్నారు.

అందుకే ఈ కాగితం. కన్ను, చర్మం, చెవి అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి.

3. సరైన చోటికి వెళ్లండి

అద్దాల షాపు కాదు, మెడికల్ షాపు కాదు. కనుపాప పెద్దది చేసి రెటీనా చూసే కంటి డాక్టరు కావాలి. హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, ఆంధ్రలో విశాఖ, కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు, ఎల్వీ ప్రసాద్ వంటి పెద్ద సంస్థలు, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, ఏదైనా పర్వాలేదు. ఊరికి దగ్గరలో ఉన్న కంటి డాక్టరు దగ్గర మొదలుపెట్టినా తప్పులేదు, అవసరమైతే ఆయనే పంపుతారు.

సిఫిలిస్ పరీక్ష, సలహా మాత్రం ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం ఉండే సురక్ష క్లినిక్‌లో ఉచితం. అది ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల సమాచారం కోసం పెట్టిన టోల్‌ఫ్రీ నంబర్ అది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

4. డాక్టరుతో ఈ మాట చెప్పండి

నా అనుభవంలో జనం ఆగిపోయేది ఇక్కడే. పక్కన భార్యో అన్నయ్యో ఉంటారు, వెనక క్యూ, ముందు నర్సు. నోరు పెగలదు. అలాంటప్పుడు చీటీ రాసి కార్డుతో పాటు ఇవ్వండి:

"నాకు ఫలానా నెలలో సిఫిలిస్ పాజిటివ్ వచ్చింది. ఒక ఇంజెక్షన్ చేశారు. పది రోజులుగా ఎడమకన్ను మసక."

లేదా, పరీక్ష ఇంకా చేయించుకోకపోతే:

"మూడు నెలల కిందట నొప్పిలేని పుండు వచ్చి పోయింది. ఇప్పుడు కన్ను మసక. సిఫిలిస్ పరీక్ష రాయండి."

అంతే. ఎవరితో, ఎక్కడ, ఎందుకు అన్న కథ కంటి డాక్టరుకు అక్కర్లేదు. ఎవరైనా నీతులు మొదలుపెడితే వినేసి, రాయించుకోవాల్సింది రాయించుకుని వచ్చేయండి.

ఈ చీటీ ఎందుకంటే, కంటి లోపలి వాపుకు మన దగ్గర క్షయ మొదలుకొని కారణాలు చాలా ఉన్నాయి. సిఫిలిస్ వాటిలో దేని వేషమైనా వేస్తుంది. రెటీనా చూసినంత మాత్రాన ఇది ఫలానా అని తేల్చడం చాలాసార్లు కుదరదు, తేల్చేది రక్తపరీక్ష.

*హెచ్చరిక:* జబ్బేమిటో తేలకుండా స్టెరాయిడ్ మాత్రలు, కంటి పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు. మొదటి వారం కన్ను తేటపడి సంబరంగా ఉంటుంది, లోపల క్రిమి మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఎవరైనా రాస్తే "సిఫిలిస్, టీబీ పరీక్షలు అయ్యాక మొదలుపెట్టవచ్చా?" అని అడగండి. అడిగితే తప్పుపట్టే ప్రశ్న కాదు.

5. రక్తపరీక్షలు: రెండు రకాలూ చేయించుకోండి

మొదటి రకం వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్. జబ్బు ఎంత చురుగ్గా ఉందో ఇది అంకెలో చెబుతుంది: 1:8, 1:32, 1:128 ఇలా. రెండో అంకె పెద్దదయ్యేకొద్దీ తీవ్రత ఎక్కువ. రెండో రకం టీపీహెచ్‌ఏ లేదా అలాంటిది. సిఫిలిస్ క్రిమి ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా లేదా అన్నది ఇది చెబుతుంది.

ఒక్కటే చేయించుకుంటే మోసపోతారు. ఎలాగంటే:

- జబ్బు పాతబడితే మందు వాడకపోయినా వీడీఆర్‌ఎల్ నెగెటివ్ రావచ్చు. అలాంటప్పుడు టీపీహెచ్‌ఏ పట్టిస్తుంది.
- జబ్బు మరీ ఉధృతంగా ఉన్నప్పుడు కూడా వీడీఆర్‌ఎల్ నెగెటివ్ రావచ్చు! రక్తంలో యాంటీబాడీలు మితిమీరి ఉంటే పరీక్ష తడబడుతుంది. లక్షణాలు గట్టిగా ఉండి రిపోర్టు నెగెటివ్ అంటే, రక్తాన్ని పలుచన చేసి మళ్లీ చూడమని ల్యాబ్‌ను అడగమని డాక్టరుకు గుర్తుచేయండి.
- గర్భం, లూపస్, కుష్ఠు, మలేరియా వంటి వాటిలో సిఫిలిస్ లేకపోయినా వీడీఆర్‌ఎల్ స్వల్పంగా పాజిటివ్ రావచ్చు. అలా వస్తే కంగారు పడకుండా టీపీహెచ్‌ఏ చేయించుకోండి.

రిపోర్టులో ఉత్త "రియాక్టివ్" అని రాసి వదిలేస్తే ఒప్పుకోకండి, అంకె వేయమనండి. చికిత్స పనిచేసిందో లేదో తర్వాత చూసుకోవడానికి ఆ అంకే ఆధారం.

దీంతోపాటు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. రెండూ ఒకే దారిలో వస్తాయి, హెచ్‌ఐవీ ఉంటే కంటి జబ్బు ఉధృతంగా రావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం)లో ఉచితంగా చేస్తారు, ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు. క్షయ అనుమానం తీరడానికి ఛాతీ ఎక్స్‌రే కూడా రాస్తారు.

6. వెన్నులోంచి నీరు తీయాలంటే భయపడకండి, అందరికీ అక్కర్లేదు కూడా

కంటి పరీక్షలో సిఫిలిస్ గుర్తులు కనబడి, రక్తపరీక్ష పాజిటివ్ ఉండి, తలనొప్పి, తూలు, ముఖం వంకరపోవడం లాంటివేమీ లేకపోతే, జబ్బు మెదడుకు పాకిందేమో చూసే ఆ పరీక్ష లేకుండానే చికిత్స మొదలుపెట్టవచ్చు. అలాంటి లక్షణాలు ఉంటే చేయించుకోవాలి. ఆ నీరు శుభ్రంగా ఉందని రిపోర్టు వచ్చినంత మాత్రాన కంట్లో సిఫిలిస్ లేనట్టు కాదు.

7. చికిత్స: ఒక్క ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకండి

మొత్తంలో ఒక్క అంశమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

కొత్తగా సోకిన సిఫిలిస్‌కు తుంటికి వేసే బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి సరిపోతుంది. పాతదైతే వారానికొకటి చొప్పున మూడు. మందుల షాపులో దీన్ని పెనిడ్యూర్ అంటారు. ఈ మందు కండలో ఉండి నెమ్మదిగా కరుగుతుంది, కంటిలోకి, మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి చాలినంత చేరదు. అందువల్ల కంటికి సిఫిలిస్ పట్టినప్పుడు మెదడుకు పట్టినప్పటి చికిత్సే ఇస్తారు:

- మొదటి ఎంపిక: క్రిస్టలైన్ పెనిసిలిన్, నాలుగు గంటలకోసారి నరానికి 30 నుంచి 40 లక్షల యూనిట్లు. అంటే రోజుకు 1.8 నుంచి 2.4 కోట్ల యూనిట్లు. 10 నుంచి 14 రోజులు.
- రెండో దారి: రోజుకోసారి ప్రొకెయిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు కండకు, దాంతో ప్రొబెనిసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు నాలుగుసార్లు. అవే 10 నుంచి 14 రోజులు. రోజూ తప్పకుండా రాగలిగినవాళ్లకే.
- పై రెండూ కుదరకపోతే: సెఫ్ట్రియాక్సోన్ రోజుకు ఒకటి లేదా రెండు గ్రాములు, 10 నుంచి 14 రోజులు.

ఈ అంకెలు మీరు ఇంట్లో చేసుకోవడానికి ఇవ్వలేదు. డిశ్చార్జ్ కాగితం మీద ఏం రాసుందో మీకు అర్థం కావాలని ఇచ్చాను. పుండ్లకు సురక్ష క్లినిక్‌లో ఇచ్చే తెల్లరంగు కిట్‌లో ఉండేది కూడా బెంజథిన్ ఇంజెక్షనే. కంటి సంగతి చెప్పకుండా ఆ కిట్ తీసుకుని వచ్చేస్తే కంటికి చికిత్స కానట్టే లెక్క.

అడ్మిట్ అయ్యాక జరిగేవి: మొదటి రోజే జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు, తలనొప్పి రావచ్చు. క్రిములు ఒక్కసారిగా చస్తున్నందుకు వచ్చే ప్రతిస్పందన ఇది, సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. దీన్ని ఎలర్జీ అనుకుని "నాకు పెనిసిలిన్ పడదు" అని మానేసినవాళ్లున్నారు. దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా అది ఎలర్జీ, వెంటనే నర్సును పిలవండి. జ్వరమొక్కటే అయితే చెప్పండి, మందు ఆపమని అడగకండి. నిజంగానే పెనిసిలిన్ పడనివాళ్లకు కొంచెం కొంచెంగా అలవాటు చేసి ఇచ్చే పద్ధతి ఉంది, ఐసీయూ సౌకర్యం ఉన్నచోటే చేస్తారు.

ఐదో రోజుకు కొందరికి కన్ను కాస్త తేటపడుతుంది. ఆరో రోజు "ఇంటి దగ్గర మాత్రలు వాడుకుంటా, డిశ్చార్జ్ చేయండి" అంటారు. షాపు మూతపడి ఉంది, అర్ధరాత్రి రెండింటికి లేపి సూది గుచ్చుతున్నారు, చెయ్యి వాచింది, అన్నీ నిజమే. చెయ్యి వాస్తే సూది ఇంకో చేతికి మార్పించుకోండి. కోర్సు మాత్రం పూర్తి చేయండి.

పెనిసిలిన్ మొదలయ్యాక కంటి వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు, కనుపాపను పెద్దగా ఉంచే చుక్కలు రాయవచ్చు. అప్పుడు అవి మంచివే, కానీ స్టెరాయిడ్ చుక్కలను ఒక్కసారిగా ఆపకూడదు, సొంతంగా నెలల తరబడి పొడిగించకూడదు. కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం వస్తుంది.

గర్భిణులకు పెనిసిలిన్ ఒక్కటే మార్గం. బిడ్డకు సోకితే పెద్దయ్యాక కూడా నల్లగుడ్డు తెల్లబడి చూపు దెబ్బతినవచ్చు, కాబట్టి నెలలు నిండేదాకా ఆగకండి.

8. భాగస్వామికి పరీక్ష

ఇది చెప్పడం కష్టం, నేనేమీ తేలిక చేయలేను. సురక్ష క్లినిక్ కౌన్సెలర్‌తో చెప్పించుకోవచ్చు. భాగస్వామికి ఏ లక్షణమూ లేకపోయినా పరీక్ష కావాలి, మీది కొత్తగా సోకిన జబ్బయితే వాళ్ల పరీక్ష నెగెటివ్ వచ్చినా మందు ఇవ్వవచ్చు. ఇద్దరి చికిత్సా పూర్తయ్యేదాకా కలయిక వద్దు. ఇంట్లో కంచం, గ్లాసు, తువ్వాలు వేరు చేయాల్సిన పనిలేదు, కన్నీళ్లతోనో చూపుతోనో ఇది అంటదు.

9. తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది

కన్ను ముందు చెబుతుంది. మొదటి అడుగులో చేసిన క్యాలెండర్ పరీక్ష అదే దూరం నుంచి, అదే వెలుతురులో వారానికోసారి చేసి తారీఖుతో రాసుకోండి. డాక్టరు రమ్మన్న రోజున వెళ్లండి. ఎరుపు, నొప్పి ముందు పోతాయి, చూపు నెమ్మదిగా వస్తుంది, తేలే చుక్కలు కొన్ని నెలలు ఉంటాయి. చూపు మళ్లీ తగ్గడం మొదలైతే రమ్మన్న తారీఖు దాకా ఆగకండి.

రక్తం తర్వాత చెబుతుంది. 6, 12, 24 నెలలకు ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్. హెచ్‌ఐవీ ఉంటే 3, 6, 9, 12, 24 నెలలకు. అంకె నాలుగోవంతుకు పడాలి, అంటే 1:64 ఉన్నది 1:16కి రావాలి. 1:64 నుంచి 1:32 అయితే సంతోషించకండి, ఒక్క మెట్టు తేడా పరీక్షలో సహజంగానే వస్తుంది. అలాగే 1:8 నుంచి 1:16 అయితే ఏడవకండి. రెండు మెట్లు కదిలితేనే కదిలినట్టు. కొత్తగా సోకినవాళ్లలో ఇది ఏడాదిలో, పాతదైతే రెండేళ్లలో జరగాలి.

ఇక్కడ జనం చేసే తప్పు ల్యాబ్ మార్చడం. మొదటిసారి ఆర్‌పీఆర్, రెండోసారి ఇంకోచోట వీడీఆర్‌ఎల్ చేయించుకుని అంకెలు పోలిస్తే ఆ లెక్క కుదరదు. అదే పరీక్ష, వీలైతే అదే ల్యాబ్.

ఇంకో తప్పు, తగ్గిందో లేదో చూడ్డానికి టీపీహెచ్‌ఏ చేయించుకోవడం. జబ్బు పూర్తిగా నయమైనా చాలామందికి అది జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. కాబట్టి డిశ్చార్జ్ కాగితం, అన్ని అంకెల రిపోర్టులు ఒక కవర్లో వేసి జాగ్రత్త చేయండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఏ ఆపరేషన్‌కో వెళ్తే ఎవరో ఆ పాజిటివ్ చూసి కంగారు పెడతారు. అప్పుడు ఆ కవర్ తీసి చూపిస్తే సరి. అది కనిపించక మళ్లీ రెండు వారాల కోర్సు మొదటి నుంచి చేయించుకున్నవాళ్లు మా వార్డులోనే ఉన్నారు.